భరణం కోసం పుట్టిన ఆల్బమ్‌ని పాటలుగా విన్నదెవరు?

విడాకుల కేసులో భార్యకు ఇవ్వాల్సిన డబ్బు కోసం ఆల్బమ్ చేసిన గాయకుడు అమెరికాకు చెందిన మార్విన్ గే. 1978 డిసెంబర్‌లో మోటౌన్ అనే రికార్డుల కంపెనీ విడుదల చేసిన 'హియర్, మై డియర్' అదే. ఆ కథే దాని కొంప ముంచిందని నా అభిప్రాయం. పాటలు వినకముందే జనం గొడవ గురించి మాట్లాడుకున్నారు.

గొడవా చిన్నది కాదు. భార్య అన్నా గోర్డీ స్వయానా మోటౌన్ అధిపతి బెర్రీ గోర్డీకి అక్క. మార్విన్ కంటే 17 ఏళ్లు పెద్ద. 1963లో పెళ్లి, 1975లో విడాకుల కేసు. మార్విన్ చేతిలో డబ్బు లేదు. దాంతో లాయర్ ఒక దారి చూపించాడు: రాబోయే ఆల్బమ్‌కి కంపెనీ ఇచ్చే అడ్వాన్స్ 3,05,000 డాలర్లు అన్నాకి వెళ్లాలి, ఆపైన వచ్చే రాబడిలోంచి ఇంకో 2,95,000.

వచ్చేదంతా మాజీ భార్యకు పోయేటప్పుడు ఎవరైనా ఏదో తూతూమంత్రంగా లాగించేస్తారు. మొదట తానూ అలాగే చేద్దామనుకున్నానని మార్విన్ తర్వాత చెప్పాడు. కానీ స్టూడియోలో కూర్చున్నాక లోపలున్నదంతా తన్నుకొచ్చింది, చివరికి అది రెండు రికార్డుల డబుల్ ఆల్బమ్ అయింది.

'వెన్ డిడ్ యు స్టాప్ లవింగ్ మి, వెన్ డిడ్ ఐ స్టాప్ లవింగ్ యు' అనే పాటే తీసుకోండి. ఆరు నిమిషాలకు పైగా సాగుతుంది, మనం పట్టుకుని పాడుకోవడానికి పల్లవంటూ ఉండదు, నిద్రపట్టని మనిషి బుర్రలో ఆలోచన ఎటు పోతే పాటా అటే పోతుంది. అతని గొంతునే పొరలు పొరలుగా రికార్డు చేశారు. ఒక గొంతు నిందిస్తుంటే వెనక ఇంకోటి మూలుగుతుంది, పైనుంచి మరోటి సన్నగా బతిమాలుతుంది. పంచాయతీలో వాది, ప్రతివాది, పెద్దమనిషి ముగ్గురూ తనే అయినట్టుంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినకపోతే ఇందులో సగం చెవిన పడదు.

'ఈజ్ దట్ ఎనఫ్'లో జడ్జి, లాయర్ ఫీజులు కూడా పాటలోకి వచ్చేస్తాయి. అదీ దాదాపు ఎనిమిది నిమిషాలు, ఏమాత్రం తొందర లేని తాళం మీద. ప్రేమ పాటల్లో లాయర్ ఫీజు గురించి అంత తియ్యగా పాడినవాణ్ని నేనింకెవర్నీ వినలేదు.

అప్పుడేమో డిస్కో ఊపులో ఉంది. అంతకుముందు ఏడాదే 'గాట్ టు గివ్ ఇట్ అప్'తో మార్విన్ అమెరికా పాప్ చార్టులో నంబర్ వన్ కొట్టాడు. మళ్లీ డ్యాన్స్ చేద్దామని ఎదురుచూసినవాళ్ల చేతికి ఇది వచ్చింది. నల్లజాతి అమెరికన్ల సోల్ సంగీతం చార్టులో 4వ స్థానం దాకా వెళ్లినా పాప్ ఆల్బమ్స్‌లో 26 దగ్గరే ఆగిపోయింది. విమర్శకుల్లో చాలామందికి ఇది సొంత గోడులా వినిపించింది.

అన్నాకి ఇది చాలా కష్టంగా అనిపించింది. తన బతుకును బజారుకీడ్చాడని 50 లక్షల డాలర్లకు దావా వేద్దామా అని కూడా ఆలోచించింది. ఆమె కోపం న్యాయమైనదే. ఆమె ఊరికే 'బాస్ అక్క' కాదు. పాటలు రాసింది, చెల్లెలు గ్వెన్‌తో కలిసి అన్నా రికార్డ్స్ పేరుతో రికార్డుల కంపెనీ నడిపింది. ఈ ఆల్బమ్‌లో అదేం కనిపించదు, డబ్బు అడిగే మనిషిగానే ఎక్కువ కనిపిస్తుంది. అది అన్యాయం, పాటలు ఎంత నచ్చినా ఆ మాట చెప్పి తీరాలి.

అయినా మార్విన్ తనని తాను వదిలిపెట్టలేదు. 'యాంగర్'లో తన కోపానికి తనే సిగ్గుపడతాడు, ఎప్పటికైనా వివేకం వచ్చే వయసుకు చేరాలని కోరుకుంటాడు. ఆల్బమ్ చివర కొత్త ప్రేమ గురించి 'ఫాలింగ్ ఇన్ లవ్ అగైన్' పాడి, హాయిగా అక్కడితో ముగించే వీలుండి కూడా, ప్రేమ ఎప్పుడు ఆగిపోయిందన్న పాత ప్రశ్ననే మళ్లీ తెచ్చి పెడతాడు. కొత్త ప్రేమ దొరికినా పాతది తెగలేదని అంత నిజాయితీగా ఒప్పుకున్న ఆల్బమ్స్ తక్కువ.

1984లో అతను చనిపోయాక, సీడీగా మళ్లీ వచ్చాక గానీ దీని విలువ మెల్లగా తెలిసిరాలేదు. 2003లో రోలింగ్ స్టోన్ పత్రిక 500 గొప్ప ఆల్బమ్స్ జాబితాలో దీనికీ చోటిచ్చింది. నన్నడిగితే, మార్విన్ 1971 ఆల్బమ్ 'వాట్స్ గోయింగ్ ఆన్' పక్కనే పెట్టాల్సిన ఆల్బమ్ ఇది. అక్కడ అతను దేశాన్ని అడిగిన ప్రశ్నలను ఇక్కడ తన ఇంటిని అడిగాడు, అదింకా కష్టమైన పని.