కుస్కోలో మొదటి రోజే బస్సెక్కకండి

మొన్న నెల్లూరు వెళ్ళినప్పుడు బాబాయి వాళ్ళ మిద్దె మీద పెద్ద చర్చే నడిచింది. బాబాయి ఈ మధ్యే రిటైరయ్యాడు. వచ్చే వేసవిలో న్యూజెర్సీలో ఉన్న కూతురి దగ్గరికి వచ్చి, అటు నుంచి పెరూ వెళ్ళి, స్పెయిన్ వాళ్ళు రాకముందు అక్కడ ఏలిన ఇంకాల కొండనగరం మచుపిచ్చు చూడాలని పట్టుదల. చేతిలో ప్యాకేజీ కాగితం. పొద్దున అక్కడి కొండల మీది ఊరు కుస్కోలో విమానం దిగడం, మధ్యాహ్నం సిటీ టూర్. ఆ లైను చదవగానే నాన్న నా మొహం చూశాడు. నాకు నవ్వాగలేదు.

ఎందుకంటే రెండేళ్ళ కిందట మేం చేసింది సరిగ్గా అదే.

కుస్కో 11,000 అడుగుల పైన ఉంటుంది. తిరుమల కొండకు దాదాపు నాలుగింతలు. సముద్రం ఒడ్డున మనకు అందే ఆక్సిజన్‌లో మూడింట రెండు వంతులే అక్కడ ఒక్కో శ్వాసకు అందుతుంది. అమ్మానాన్నలేమో పెన్న ఒడ్డున పుట్టి, మైపాడు బీచి గాలి పీల్చి పెరిగినవాళ్ళు. దిగిన మూడు గంటలకే మమ్మల్ని బస్సెక్కించారు. ఆ సిటీ టూర్ ఊళ్ళోనే ఉంటుందనుకుంటాం కదా, ఉండదు. సక్సాయ్‌వామన్ కోట మీదుగా పైకి ఎక్కుతూ పోయి తంబోమచాయ్ దగ్గర ఆగుతుంది. అది 12,000 అడుగులు దాటిన చోటు. అక్కడ ఇంకాల కాలం నాటి నీటి ధారలు చూస్తూ నాన్న రాతి మీద కూలబడ్డాడు. తలనొప్పి, ఆ వెంటనే వాంతి. గైడ్ గడియారం చూసుకుంటున్నాడు. అతని తప్పేం లేదు, వెనక ఇరవై మంది ఉన్నారు. తప్పంతా ఆ టైంటేబుల్‌ది.

మర్నాడు మేం ఎక్కడికీ వెళ్ళలేదు. పెద్ద చర్చి ముందున్న చౌకులో బెంచీ మీద కూర్చున్నాం. హోటల్ వాళ్ళిచ్చిన కోకా ఆకు టీని నాన్న ‘ఎండుగడ్డి కషాయం’ అని పేరు పెట్టి మరీ తాగాడు. (కొకైన్ తీసేది వాటి నుంచే, ఆ ఆకులు బ్యాగులో వేసుకుని అమెరికా తిరిగి రాబాకండి, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు.) ఎండ తగ్గాక శాన్ పెద్రో మార్కెట్‌కి మెల్లగా నడిచాం. అమ్మ అక్కడ ఉర్లగడ్డల దగ్గర ఆగిపోయింది. ఊదావి, నల్లవి, వేళ్ళంత సన్నవి. అమ్మకు స్పానిష్ రాదు, అమ్మే ఆవిడకు తెలుగు రాదు. అయినా ఏది వేపుడుకి, ఏది పులుసుకి అన్నది ఇద్దరూ చేతులతోనే తేల్చుకున్నారు. ఏ బస్సూ అక్కడ ఇరవై నిమిషాలు ఆగదు.

అలాగని గైడే అక్కర్లేదనేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. కాలేజీ రోజుల్లో మేం ఉదయగిరి దుర్గం ఎక్కి, కోట గోడలు చూసి, పులిహోర తిని దిగొచ్చాం. అంతే. కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఆ కోటను 1514లో గెలుచుకున్నాడనీ, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్ళి గుడి కట్టించాడనీ చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. తెలిసి ఎక్కుంటే ఆ మెట్లు వేరేగా ఉండేవి.

అందుకే మూడో రోజు కోరికాంచ గుమ్మం దగ్గర రెండు గంటలకు మాత్రం ఒక గైడమ్మాయిని మాట్లాడుకున్నాం. ఇంకాల సూర్యుడి గుడి అది. స్పెయిన్ వాళ్ళు దాని మీదే మఠం కట్టారు. 1950 భూకంపానికి మఠం బాగా దెబ్బతింది, కింద ఇంకాల గోడలు మాత్రం నిలబడ్డాయి. నాన్న ఇరిగేషన్‌లో పనిచేసిన మనిషి. గోడకు అరచెయ్యి ఆనించి పైకి చూస్తూ, “ఇది తూకానికి లేదే, లోపలికి వాలింది” అన్నాడు. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. గుమ్మాలు కింద వెడల్పుగా, పైన ఇరుగ్గా ఉండటం కూడా భూకంపాలకు తట్టుకునేందుకేనని చూపించింది. మేస్త్రీలకు కూలి ఎంతని నాన్న అడిగితే, జనం పన్నును డబ్బుగా కాకుండా పనిగా కట్టేవాళ్ళనీ, తిండీ మొక్కజొన్న కల్లూ ప్రభుత్వమే పెట్టేదనీ చెప్పింది. “అంటే వెట్టి. కాకపోతే భోజనం ఉంది” అన్నాడు నాన్న.

బాబాయికి నేను చెప్పిందిదే. విమానం దిగంగానే కుస్కోలో ఆగకుండా కారు మాట్లాడుకుని, మచుపిచ్చు దారిలో లోయలో ఉండే ఒయాంతయ్‌తంబో ఊరి వైపు దిగిపో. అది రెండు వేల అడుగులు కింద. మచుపిచ్చు ఇంకా కింద, 8,000 అడుగుల లోపే. అవి చూసుకుని, ఒళ్ళు అలవాటు పడ్డాక కుస్కోకి ఎక్కు. గైడ్‌ని గంటల లెక్కన పెట్టుకో. మచుపిచ్చు టికెట్టు మాత్రం ఇక్కడి నుంచే ముందుగా కొను, దానికి టైమూ దారీ రెండూ రాసి ఉంటాయి. బీపీ మాత్రల సంగతి బయల్దేరే ముందే డాక్టర్‌ని అడుగు.

బాబాయి అంతా విని, కాగితం మడిచి, నన్ను వదిలేసి నాన్నను అడిగాడు.

“అబ్బయా, అక్కడ అన్నం దొరుకుద్దా?”

“దొరుకుద్ది. మొదటి రోజు కడుపునిండా తినబాక.”