పేరు మార్చడానికి ఇంత తతంగమా!

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్లో ఫైలు తెరిచి ఉంది. దాని పేరులో ఒక్క అక్షరం మార్చాలి, అంతే. అందుకు సూటిగా ఒక కమాండ్ లేదు మహాప్రభో! సేవ్‌యాజ్ కొడితే కొత్త పేరుతో ఇంకో కాపీ పుడుతుంది, పాతది అక్కడే తిష్ఠ వేసుక్కూర్చుంటుంది. పోనీ టెర్మినల్లోకెళ్ళి, పేరు మార్చే ఎంవీ కమాండ్ కొట్టామా, ఎడిటర్ ఇంకా పాత పేరే పట్టుకుని వేలాడుతుంది. అలవాటుకొద్దీ సేవ్ చెయ్యడానికి డబ్ల్యూ కొట్టగానే ఆ పాత పేరుతో ఫైలు మళ్ళీ లేచొస్తుంది. ఇప్పుడు రెండిట్లో ఏది అసలుదో తేల్చుకోవాలి, ఖర్మ!

అటు ఈమాక్స్ అనే ఇంకో ఎడిటర్ వాడేవాళ్ళేమో, ఫైళ్ళ జాబితా చూపించే డైర్డ్‌లో కంట్రోల్ ఎక్స్, కంట్రోల్ క్యూ నొక్కి, ఫోల్డర్లోని పేర్లన్నీ మామూలు టెక్స్ట్‌లా దిద్దేసి, కంట్రోల్ సీ రెండుసార్లు కొట్టి టీకి వెళ్ళిపోతారు. చూస్తే కడుపు మండిపోతుంది. అలాగని ఎడిటర్ మార్చేద్దామంటే వేళ్ళు ఒప్పుకోవద్దూ! ఇంత చిన్న పని సులువుగా అవ్వాలన్నా ప్లగిన్ అనే తగిలింపు ప్రోగ్రామ్ వెతుక్కోవాల్సిందే.