నెట్‌బాల్ డిఫెన్స్: చేతుల కంటే ముందు కాళ్లు

పాఠశాల నెట్‌బాల్ జట్టును ఎంపిక చేసేటప్పుడు రింగులో బంతి వేయగలిగిన పిల్లలను షూటర్లుగా ఏరుకుని, మిగిలినవారిలో పొడవైన అమ్మాయిని ప్రత్యర్థి షూటర్లను అడ్డుకునే గోల్ కీపర్‌గా నిలబెట్టడం మన దగ్గర తరచూ కనిపించేదే. ఆమెకు అందే శిక్షణ చాలాసార్లు ‘చేతులు పైకెత్తు’ అన్న ఒక్క మాటతో సరిపోతుంది. పొరపాటు అక్కడే మొదలవుతోంది.

బంతి పట్టుకున్న క్రీడాకారిణి నేలపై మోపిన పాదానికి 1.2 మీటర్ల దూరం పాటించాకే డిఫెండర్ చేతులు ఎత్తి అడ్డుకోవాలి. దూరం తగ్గినా, ఒళ్లు తగిలి ఎదుటివారి ఆటకు ఆటంకం కలిగినా అంపైర్ ఈల వేసి ఎదుటి జట్టుకు పెనాల్టీ ఇస్తారు. అప్పుడు తప్పు చేసిన అమ్మాయి పెనాల్టీ తీసుకునేవారి పక్కన నిలబడి, బంతి వారి చేయి దాటేవరకు ఊరకుండాలి. అదే షూటింగ్ సర్కిల్‌లో, అంటే గోల్ స్తంభం ముందున్న అర్ధవృత్తంలో, జరిగితే, గోల్ కీపర్ చూస్తుండగానే షూటర్ గురిపెడుతుంది. 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో ఇంగ్లండ్ ఆస్ట్రేలియాను 52-51తో, ఒకే ఒక్క గోల్ తేడాతో ఓడించిందని గుర్తుచేసుకుంటే ఇలాంటి పెనాల్టీ విలువ అర్థమవుతుంది.

కబడ్డీ ఆడుతూ పెరిగిన పిల్లలకు ఈ నియమం ఒక పట్టాన మింగుడుపడదు. అక్కడ పట్టు దొరికితే పాయింటు, ఇక్కడ పట్టే తప్పు. అయితే రైడర్ నడుమును, కాళ్లను గమనించి ఎటు తిరుగుతాడో ముందే పసిగట్టే నేర్పు నెట్‌బాల్‌లోనూ అక్షరాలా పనికొస్తుంది. ఆ చూపును నిలబెట్టి, చేతిని మాత్రం అదుపులో పెట్టించడమే శిక్షకుల అసలు పని.

అందుకు మొదట్లో బంతి అక్కర్లేదు. ఇద్దరిద్దరిని జంటగా నిలిపి, ఒకరు మలుపులు తిరుగుతూ పరుగెత్తుతుంటే, రెండో అమ్మాయి చేతులు వెనక్కి కట్టుకుని, ఒక కంట ప్రత్యర్థిని, మరో కంట పాస్ వచ్చే దిక్కును కనిపెడుతూ చిన్న చిన్న అడుగులతో వెంట సాగాలి. తర్వాతి దశలో నేలపై సున్నంతో 1.2 మీటర్ల దూరంలో గీత గీసి, ప్రత్యర్థి బంతి అందుకోగానే గీత అవతలికి వెనకడుగు వేయడం, ఆ తర్వాతే చేయి చాచడం అలవాటు చేయించాలి. బంతిని మూడు సెకన్లకు మించి ఎవరూ ఉంచుకోకూడదు గనుక, ఆ కాస్త సమయం దారి మూసినా డిఫెండర్ గెలిచినట్టే. స్కోరు పట్టీలో అది కనపడదు, కాబట్టి ఆ మెచ్చుకోలు శిక్షకుల నోటి నుంచే రావాలి.

బంతి కోసం ఎగరడం చివరి పాఠం. మన బడుల్లో చాలావరకు సిమెంటు నేలే. మోకాళ్లు వంచి మెత్తగా దిగడం రాని పిల్లను ఎగరమనడం గాయాన్ని పిలవడమే. పన్నెండేళ్ల అమ్మాయి రేపు ఎంత ఎత్తు పెరుగుతుందో ఎవరికీ తెలియదు గనుక, ఆ వయసులో అందరినీ అన్ని స్థానాల్లో ఆడించడం మేలు. కొన్నాళ్లు షూటర్‌గా ఆడిన అమ్మాయికి డిఫెండర్ ఎక్కడ నిలబడితే చికాకు పుడుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.