కావోరి ఉత్తరం గురించి, కాస్త కోపంగా

గత వారం రాత్రి పదకొండు దాటాక మా పిన్ని కూతురు ఫోన్ చేసి, "అక్కా, ఇలా ముగుస్తుందని ఒక్క మాట ముందే చెప్పి ఉండొచ్చు కదా" అని, ఆపై చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఏ పుస్తకం గురించి అంటున్నదో అడగవలసిన పని లేకపోయింది. నవోషి అరకావా గీసిన మాంగా (జపనీస్ బొమ్మల కథ) ‘షిగత్సు వా కిమి నో ఉసో’ను పట్టుబట్టి చదివించింది నేనే. ‘యువర్ లై ఇన్ ఏప్రిల్’ అన్న ఇంగ్లీషు పేరుతో మనలో చాలామందికి తెలిసినది అదే. పేరును తెలుగులో చెప్పుకోవాలంటే ‘ఏప్రిల్ అంటే నీ అబద్ధం’ అనవచ్చు. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టక నేను కూడా చివరి సంపుటం తీసి మళ్లీ చదివాను, తెల్లవారే దాకా దానితోనే వాదించుకున్నాను. ముగింపు మొత్తం ఇక్కడ చెప్పబోతున్నాను కాబట్టి ఇంకా చదవనివారు ఆగిపోవడం మంచిది.

ఈ మాంగా 2011 నుంచి 2015 వరకు ‘మంత్లీ షోనెన్ మ్యాగజైన్’లో ధారావాహికగా వచ్చింది. మొత్తం 44 అధ్యాయాలు, 11 సంపుటాలు. 2013లో షోనెన్ (కుర్రవాళ్ల కథల) విభాగంలో కోదాన్షా మాంగా పురస్కారం అందుకుంది. దాని ఆధారంగా తీసిన 22 భాగాల ఎనిమే (టీవీ యానిమేషన్) 2014 అక్టోబరులో మొదలై, మాంగా ముగిసిన మరుసటి నెలలోనే, అంటే 2015 మార్చిలో ముగిసింది కాబట్టి చదివినవారూ చూసినవారూ ఇంచుమించు ఒకేసారి ఏడ్చారు.

కథ చాలా చిన్నది. కోసే అరిమ అనే పద్నాలుగేళ్ల కుర్రవాడు చిన్నతనంలో పియానో పోటీలన్నీ గెలిచినవాడు. సంగీతపు నోట్సులో రాసి ఉన్నది ఉన్నట్టు, ఒక్క స్వరం కూడా తప్పకుండా వాయించేవాడు కాబట్టి అతన్ని మనిషి రూపంలో ఉన్న మెట్రోనోమ్ (లయ తప్పకుండా టిక్కుమనే యంత్రం) అని ఎగతాళి చేసేవారు. అలా వాయించమని కర్రతో కొట్టి మరీ నేర్పిన తల్లి చనిపోయాక, తాను వాయించే పియానో శబ్దం తనకే వినపడకుండా పోతుంది. ఏప్రిల్‌లో, జపాన్‌లో బడులు తెరిచే ఆ చెర్రీ పూల రోజుల్లో, కావోరి మియాజోనో అనే వయొలిన్ వాద్యకారిణి అతని జీవితంలోకి వస్తుంది. కోసే స్నేహితుడు వతారి అంటే తనకు ఇష్టమని చెప్పుకుంటూ వస్తుంది. కోసే తనను ఆ ప్రేమకథలో ‘మిత్రుడు ఎ’ అనుకుంటాడు, అంటే నాటకాల్లో పేరు కూడా లేని పాత్ర అన్నమాట. ఆమె అతన్ని తిరిగి వేదిక ఎక్కిస్తుంది, తరువాత జబ్బుపడుతుంది, అతను పోటీలో స్వరకర్త షోపెన్ పియానో రచన మొదటి బల్లాడ్ వాయిస్తున్న సమయంలోనే శస్త్రచికిత్స ఫలించక చనిపోతుంది. అంత్యక్రియల తరువాత ఆమె తల్లిదండ్రులు ఒక ఉత్తరం అందిస్తారు.

మా చెల్లెలి ఫిర్యాదు నేను ఇన్నేళ్లుగా వందసార్లు విన్నదే. ఆపరేషన్ విజయవంతమైతే రచయిత సొమ్మేం పోయేది? పిల్లను చంపి కన్నీళ్లు రాబట్టడం తేలికైన పని కాదా? ఈ ప్రశ్నలో కొంత న్యాయం ఉంది, ఎందుకంటే అందమైన అమ్మాయికి పేరు చెప్పని జబ్బు తగిలించి పాఠకుడి గొంతు పట్టుకునే కథలు జపాన్‌లో కుప్పలు తెప్పలుగా ఉన్నాయి, మన దగ్గరా తక్కువేమీ లేవు. ఈ పుస్తకంలో కూడా ఆ జబ్బు పేరు చివరి దాకా చెప్పరు, అది నాకు కాస్త సోమరితనంగానే తోచింది. అయితే ఆమె మరణం పాఠకుడి వెనుక నుంచి వచ్చి పొడిచిన కత్తి అనే మాటను మాత్రం నేను ఒప్పుకోను. ఈ కథ ఆ మరణం గురించి మొదటి నుంచీ చెబుతూనే ఉంది, వినకుండా ఉన్నది మనమే.

స్వరకర్త క్రైస్లర్ రాసిన రెండు చిన్న వయొలిన్ రచనలు ఉన్నాయి. ఒకటి ‘ప్రేమలోని ఆనందం’, మరొకటి ‘ప్రేమలోని దుఃఖం’. కోసే తల్లి రెండోదాన్నే ఎప్పుడూ పియానో మీద వాయిస్తుంది. ఎందుకమ్మా ఎప్పుడూ ఇదే అని పిల్లవాడు అడిగితే, దుఃఖానికి అలవాటు పడటానికి అన్న అర్థం వచ్చేలా జవాబు చెబుతుంది. తల్లి వదిలించుకున్న నల్ల పిల్లి ఒకటి, దారిలో కారు కింద పడి కోసే చేతుల్లోనే ప్రాణం విడిచిన నల్ల పిల్లి మరొకటి. ఇన్ని సూచనలు ఉన్నా మనం ఆపరేషన్ ఫలిస్తుందని ఆశపడ్డామంటే, ఆ ఆశ కోసేది కూడా. ఇంకొన్నాళ్లు అతనితో గడపడానికే కావోరి ఆ ప్రమాదకరమైన ఆపరేషన్‌కు ఒప్పుకుంటుంది. కాబట్టి ఆశపడినందుకు ఎవరూ సిగ్గుపడనక్కరలేదు.

ఇప్పుడు బల్లాడ్ విషయం. షోపెన్ 1835లో పూర్తి చేసిన ఈ జి మైనర్ రచన తొమ్మిది నిమిషాల పైచిలుకు ఉంటుంది, చివర్లో నిప్పు రాజుకున్నట్టు పరుగెత్తే ఒక భాగంతో ముగుస్తుంది. ఎనిమేలో దాన్ని వినవచ్చు, కానీ నేను మాంగాకే ఓటు వేస్తాను. కాగితం మీద శబ్దం లేదు. తన వాద్యం తనకే వినపడని కుర్రవాడి కథను శబ్దం లేని మాధ్యమంలో చదువుతున్నామన్న సంగతి ఆ పుటల దగ్గరే నాకు మొదటిసారి తట్టింది. అతను వాయిస్తూ ఉండగా పక్కన కావోరి వయొలిన్‌తో నిలబడి కనిపిస్తుంది, ఇద్దరూ కలిసి వాయిస్తారు, ఆమె వెళ్లిపోతోందని అతనికి అక్కడే అర్థమవుతుంది. ఎవరూ వచ్చి కబురు చెప్పలేదు. మన సినిమాల్లో అయితే కథానాయకుడు ఎన్ని సిగ్నళ్లు దాటుకునైనా ఆసుపత్రికి చేరుకుని చివరి మాట వినకుండా తెర పడదు. ఇక్కడ అతను పియానో వదిలి లేవడు. లేవకపోవడమే అతను ఆమెకు చేయగలిగిన పని, ఎందుకంటే ఆమె అడిగినదల్లా అతన్ని వాయించమనే.

చాలామంది గమనించకుండా దాటిపోయే సంగతి వరుసక్రమం. ఉత్తరం తరువాత వస్తుంది, వాద్యం ముందే అయిపోతుంది. అంటే అతను ఆమెకు ఇవ్వవలసిన జవాబు, ఆమె ప్రశ్న చేతికి అందకముందే ఇచ్చేశాడు. ఉత్తరం ముందే చదివి ఆ తరువాత బల్లాడ్ వాయించి ఉంటే అది ప్రేమించబడుతున్నానని తెలిసినవాడి వాద్యం అయ్యేది. అతను తనది పక్కపాత్ర అన్న నమ్మకంతోనే అంతా ఇచ్చాడు. రచయిత ఈ ఒక్క నిర్ణయం కోసమే నేను ఆయన మిగతా తప్పులు చాలా క్షమించాను.

ఇక ఆ ఉత్తరం. ‘అసలు రహస్యం బయటపడే ట్విస్టు’ అని రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కావోరికి వతారి అంటే ఇష్టం లేదని, ఆమె మనసంతా కోసే మీదనే అని మూడో సంపుటంలోనే ఊహించని పాఠకుడు ఉంటే అతనికి దండం పెట్టాలి. ఉత్తరంలో ఉన్న కొత్తదనం ఆ సమాచారం కాదు, ఆ గొంతు. అప్పటి దాకా మనం కావోరిని దాదాపు పూర్తిగా కోసే కళ్లతోనే చూశాం. ఉద్యానవనంలో చెప్పులు లేకుండా పిల్లలతో మెలోడికా ఊదే అమ్మాయి, వంతెన మీద నుంచి నదిలోకి దూకే అమ్మాయి, రైలుతో పందెం వేసి సైకిల్ తొక్కించే అమ్మాయి. ఎప్పుడూ వెలుగులోనే ఉండే ఆ బొమ్మకు లోపల ఏముందో మనకు చూపలేదు. ఉత్తరంలో మొదటిసారి ఆమె తన కథ తాను చెబుతుంది.

ఐదేళ్ల వయసులో ఒక పియానో కచేరీలో తన ఈడు పిల్లవాడు బెరుకుగా వేదిక మీదికి వచ్చి, కుర్చీకి తగిలి నవ్వులపాలై, ఆ తరువాత మొదటి స్వరం వాయించగానే తాను పియానో వదిలేసి వయొలిన్ కావాలని ఇంట్లో మారాం చేసిందట. ఎందుకంటే అతని పక్కన నిలబడి వాయించాలంటే పియానో పనికిరాదు. తరువాత ఒకే బడిలో చేరినా అతనికీ, అతని చిన్ననాటి స్నేహితురాలు త్సుబాకికీ, వతారికీ మధ్య తనకు చోటు కనిపించలేదట. ఒక రాత్రి ఆసుపత్రిలో అమ్మానాన్నలు కూర్చుని ఏడవడం చూసి, తనకు ఎక్కువ రోజులు లేవని తెలుసుకుని, ఇక పరుగు మొదలుపెట్టిందట. కళ్లకు లెన్సులు పెట్టుకుంది, లావైపోతానన్న భయం లేకుండా కేకు మొత్తం తినేసింది (తల్లిదండ్రులది మిఠాయి దుకాణమే మరి), నోట్సు చెప్పినట్టు కాక తనకు నచ్చినట్టు వాయించింది. ఒక అబద్ధం చెప్పింది.

ఈ చిట్టాను మళ్లీ చదివి చూడండి. కావోరి కోసే చేత పియానో వాయింపజేయడానికే ఈ కథలోకి వచ్చిందని, కుర్రవాడి గాయం మాన్పడానికి పంపిన దేవదూత అని రాసే విమర్శలకు ఇంతకన్నా మంచి జవాబు ఉండదు. ఆమె వచ్చింది తన కోసం. తాను కోరుకున్నదాన్ని పొందడానికి కాస్త మోసం కూడా చేసింది, ఆ మోసం ఎవరిని గాయపరుస్తుందో ఆమెకు తెలుసు, అందుకే క్షమాపణ కూడా రాసింది. నాకు ఆమె ఈ స్వార్థంలోనే నచ్చుతుంది. అయితే ఆమెకు ఒక మనసుందని చూపించడానికి పది సంపుటాలు ఆగి, ఆమె చనిపోయాక చూపించడం రచయిత చేసిన బేరం. ఆ బేరంలో ముగింపుకు బలం వచ్చింది నిజమే, బతికి ఉన్న కావోరి మాత్రం నష్టపోయింది. ఈ ఫిర్యాదును నేను ఎవరి దగ్గరైనా నిలబడి వాదిస్తాను.

ఉత్తరంలో నన్ను బాగా ఇబ్బంది పెట్టిన వాక్యం వేరే ఉంది. వతారి తనను త్వరలోనే మర్చిపోతాడని ఆమె తేలిగ్గా రాసేస్తుంది. వతారి బోలెడంతమంది అమ్మాయిలతో తిరిగే ఆటగాడే, ఒప్పుకుంటాను. కానీ ఆసుపత్రికి వెళ్లి ఆమె మంచం పక్కన కూర్చున్నవాళ్లలో అతనూ ఉన్నాడు కదా. అబద్ధానికి వాడుకున్న మనిషి నొప్పిని, అతనికి నొప్పి తక్కువని చెప్పి దాటేయడం కావోరి తప్పా, రచయిత తప్పా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. పదిహేనేళ్ల పిల్ల చావుకు ముందు రాసిన ఉత్తరం కాబట్టి ఆమెకు మినహాయింపు ఇస్తున్నాను. అరకావాకు ఇవ్వను.

తల్లి విషయంలో అసలు ఇవ్వను. చక్రాల కుర్చీలో కూర్చుని రక్తం కారేలా పిల్లవాణ్ని కొట్టిన మనిషిని, తాను పోయాక బిడ్డ ఒంటరిగా బతకగలగాలన్న ఆరాటంతో అలా చేసిందని వివరించి, మెత్తని వెలుగులో నిలబెట్టారు. వివరణ అర్థమైంది. ముగింపు దుఃఖం ఇంత శుభ్రంగా కనిపించడానికి ఆ పాత దుఃఖాన్ని ముందే తుడిచి పెట్టారనిపిస్తుంది.

త్సుబాకిని ‘ఓదార్పు బహుమతి’ అనేవారితో కూడా నాకు పేచీ ఉంది. చివర్లో ఆమె వచ్చి కోసేను వెనుక నుంచి ఒక్క తన్ను తన్ని, నీ పక్కనే ఉంటానంటుంది. ప్రేమించుకున్నారని, పెళ్లి చేసుకున్నారని పుస్తకం ఎక్కడా చెప్పదు. ఉత్తరం చదివిన మరుక్షణం కోసే ఆమె చేయి పట్టుకుని ఉంటే నేను పుస్తకాన్ని కిటికీలోంచి విసిరేసేదాన్ని. కావోరి లేని వసంతం వస్తోందన్న తలపుతో కోసే కథ ముగుస్తుంది. ఏడాది తిరిగి మళ్లీ ఏప్రిల్ వస్తుంది, మళ్లీ చెర్రీ పూస్తుంది, క్యాలెండరుకు ఎవరి మీదా జాలి లేదు. త్సుబాకి అక్కడ ఉందన్నది మాత్రమే మనకు తెలుసు, నాకు అంతే చాలు.

మా చెల్లెలు మొన్న మళ్లీ ఫోన్ చేసింది. మొదటి సంపుటం నుంచి మళ్లీ మొదలుపెట్టిందట. "అక్కా, ఆ ఫోటో చూశావా?" అంది. ఉత్తరంతో పాటు కావోరి ఒక పాత ఫోటో జతచేసి, అక్కర్లేకపోతే పారేయమని రాస్తుంది. చిన్ననాటి కచేరీ రోజున తీసినది. ముందు నవ్వుతూ నిలబడిన చిన్ని కావోరి, వెనుక అటుగా నడిచి వెళ్తున్న చిన్ని కోసే. తనను ‘మిత్రుడు ఎ’ అనుకుని పదకొండు సంపుటాలు గడిపిన పిల్లవాడు ఆ ఫోటోలో నిజంగానే వెనుక దారిన పోయే పాత్ర. ఆమె దాన్ని దాచుకున్నది అతని కోసమే. "నేను ఫోటో చూశాకే ఏడ్చానక్కా, ఉత్తరానికి కాదు" అంది. నేనూ అక్కడే ఏడ్చానని చెప్పలేదు, రెండో సంపుటం దాకా వచ్చావా అని మాత్రం అడిగాను.