దూకలేని ప్రాణికి హెక్టార్ల లెక్క

దేవాంగపిల్లికి దూకడం చేతకాదు. కోతులకు దూరపు చుట్టమే, బతుకంతా చెట్ల మీదే, అయినా ఒక కొమ్మ పట్టు చిక్కాకే ఇంకో కొమ్మను వదులుతుంది. చేతికందే దూరంలో కొమ్మ లేకపోతే దానికి అక్కడితో దారి మూసుకుపోయినట్టే. ఈ ప్రాణిని కాపాడటం గురించి ఎవరు ఏం మాట్లాడినా ఇక్కడే మొదలుపెట్టాలి. మన ప్రణాళికలు మాత్రం ఎన్ని హెక్టార్లు అనే ప్రశ్నతో మొదలవుతాయి.

దక్షిణ భారతం, శ్రీలంక తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా కనిపించని జీవి ఇది. శేషాచలం కొండల్లోనూ, దక్షిణాదిలోని ఎండు అడవుల్లోనూ ఉండేది బూడిద రంగు రకం. బరువు సుమారు పావు కిలో. తోక కనిపించదు, కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉంటాయి, ముఖంలో సగం కళ్లే. పగలు ముళ్లపొదల్లో ముడుచుకుని, చాలాసార్లు రెండు మూడు ఒకదాన్నొకటి పట్టుకుని నిద్రపోతాయి. వేట చీకటి పడ్డాకే.

ఆ వేట చూడాలంటే ఓపిక కావాలి. కొమ్మ కదలకుండా, ఆకు అల్లాడకుండా, ఒక్కో చేయీ ఒక్కో కాలూ మారుస్తూ పురుగు దాకా వస్తుంది. అంతసేపూ నత్తనడక నడిచిన ప్రాణి చివరి క్షణంలో రెప్పపాటులో చేయి చాచి పట్టేస్తుంది. తమిళనాడులోని అయ్యలూరు ప్రాంతంలో జరిగిన పరిశోధనల్లో దాని తిండి దాదాపు అంతా పురుగులూ చిన్న ప్రాణులేనని తేలింది. అందులోనూ చీమలూ చెదలే ఎక్కువ. కుట్టే చీమలనూ వదలదు. తుమ్ముతుంది, తల విదిలిస్తుంది, చొంగ కారుస్తుంది, తినడం మాత్రం ఆపదు. తన మూత్రాన్నే చేతులకూ కాళ్లకూ రుద్దుకుంటుంది. కాటు మంటకు అది ఉపశమనం కావచ్చని పరిశోధకుల ఊహ.

కడుపుతో ఉండేది ఐదున్నర నెలలు. తరచుగా కవలలే. మొదటి వారాల్లో తల్లి పొట్టను కరచుకుని తిరిగిన పిల్లలను ఆ తర్వాత రాత్రిపూట ఒక కొమ్మ మీద వదిలి తల్లి మేతకు వెళుతుంది. పిల్లయినా తల్లయినా, ఆపద వస్తే పరుగెత్తడం కాదు, కదలకుండా ఉండిపోవడమే వాటి రక్షణ. గుడ్లగూబను ఏమార్చడానికి ఈ ఉపాయం పనికొస్తుంది. జేసీబీ ముందు పనికిరాదు.

దేవాంగపిల్లి ప్రస్తావన రాగానే మూఢనమ్మకాల చర్చ మొదలవుతుంది. దాని కళ్లు వశీకరణానికి పనికొస్తాయని, దాన్ని పొడిస్తే శత్రువుకు నొప్పి పుడుతుందని నమ్మేవారు ఇంకా ఉన్నారు. నాటుమందులకూ, పెంపకానికీ కూడా పట్టి అమ్ముతున్నారు. ఇవన్నీ నేరాలే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూలులో ఉంది. కేసులు పెట్టాల్సిందే, శిక్షలు పడాల్సిందే. కానీ క్షుద్రపూజల వార్తకు దొరికేంత చోటు పొదలు కొట్టేయడానికి దొరకదు. నా దృష్టిలో పెద్ద నష్టం ఆ రెండోదే, పైగా అది చట్టబద్ధంగానే జరిగిపోతుంది.

ఎందుకంటే ఈ ప్రాణి పచ్చటి మహారణ్యాన్నే కోరుకోదు. తుమ్మ, రేగు, బలుసు అల్లుకుపోయిన చిట్టడవి చాలు, పొలం గట్టు మీద దట్టమైన ముళ్లకంచె ఉన్నా చాలు. తీగలు అల్లుకున్న కంప దానికి రహదారి. అదే కంప మన కాగితాల్లో బంజరు. కేంద్ర భూవనరుల శాఖ హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి తయారుచేసే బంజరు భూముల అట్లాసులో పొదలు దట్టంగా ఉన్న నేల కూడా ఒక తరగతి. ఒకసారి ఆ ముద్ర పడ్డాక పరిశ్రమకైనా, సౌర విద్యుత్తుకైనా, ఆఖరికి పచ్చదనం పేరిట వరసలుగా మొక్కలు నాటడానికైనా అధికారుల చూపు ముందు పడేది దాని మీదే. పొదలు పీకి, దూరం దూరంగా మొక్కలు నాటితే లెక్కల్లో పచ్చదనం పెరుగుతుంది, దేవాంగపిల్లికి మాత్రం అక్కడ చెట్టుకూ చెట్టుకూ మధ్య అగాధమే.

తమిళనాడు 2022లో కరూరు, దిండిగల్ జిల్లాల్లో 11,806 హెక్టార్లను కడవూరు దేవాంగపిల్లుల అభయారణ్యంగా ప్రకటించింది. దేశంలో ఈ జీవికి ఇదే మొదటిది, మెచ్చుకోవాల్సిన పని. ఆంధ్రప్రదేశ్ కూడా అలాంటిది చేయాలన్న మాట వింటుంటాం. చేస్తే మంచిదే. కానీ సరిహద్దు గీసి బోర్డు పెట్టినంత మాత్రాన లోపల రోడ్డుకు ఇరువైపులా కొమ్మలు కలుస్తాయన్న హామీ లేదు. కొమ్మలు కలవని చోట అది నేలకు దిగి దాటాలి, లేదంటే కరెంటు తీగ పట్టుకోవాలి. రెండూ ప్రాణాంతకమే. పైగా దానికి నెలవైన పొదల్లో చాలా భాగం ఏ అభయారణ్యంలోనూ లేదు, రెవెన్యూ భూముల్లోనూ పట్టా పొలాల గట్ల మీదా ఉంది.

కాబట్టి పని రోడ్ల దగ్గర మొదలుకావాలి. శేషాచలం చుట్టూ రోడ్డు వెడల్పు చేసే ముందు కొమ్మలు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో రాత్రిపూట ఎర్ర కాంతి దీపాలతో తిరిగి నమోదు చేయడం పెద్ద ఖర్చు కాదు. వెలుగు పడితే దాని కళ్లు మెరుస్తాయి, గుర్తుపట్టవచ్చు. కలిసిన చోట కొమ్మలను వదిలేయాలి. తప్పనిసరై కొట్టేస్తే తాళ్ల వంతెన కట్టాలి. తమిళనాడులోని వాల్పారైలో సింహపుతోక కోతుల కోసం రోడ్డు మీదుగా ఇలాంటివే కట్టారు. ఇక గట్ల మీది కంప సంగతి కష్టం. ముళ్లకంచె పీకి ఇనుప తీగ వేసుకునే రైతును తప్పుపట్టలేం, నేల కలిసొస్తుంది, ఏటేటా కంప కొట్టే కూలీ మిగులుతుంది. కంచెను ఉంచుకున్నవారికి ఆ కూలీ డబ్బయినా ఉపాధి హామీ పనుల్లో చూపగలిగితే కొందరైనా ఉంచుకుంటారు.