పదేళ్ల పిల్లకు ఈ దిగులెందుకు?

ఇంగ్లండులో ప్రాథమిక విద్య చివరి ఏడాదిలో, అంటే ఆరో సంవత్సరంలో ఉన్న పిల్లలకు మే నెలలో నాలుగు రోజులపాటు జాతీయ పరీక్షలు జరుగుతాయి. శాట్స్ అని అందరూ పిలిచే ఆ పరీక్షల కోసం జనవరి నుంచీ మా అమ్మాయి సాయంత్రాలన్నీ పాత ప్రశ్నపత్రాలకే పోతున్నాయి. గణితంతో నాకు పేచీ లేదు. భిన్నాలూ శాతాలూ ఎలాగూ రావాలి. కానీ కథ రాయమంటే ఉత్సాహంగా రెండు పేజీలు నింపే పిల్ల, ఒక వాక్యంలో సబ్‌జంక్టివ్ రూపం (ఇంగ్లిషులో ఊహనో కోరికనో తెలిపే క్రియారూపం) ఎక్కడుందో గుర్తించలేక కన్నీళ్లు పెట్టుకుంటుంటే చూడలేకపోతున్నాను. పఠన పరీక్షలో 60 నిమిషాల్లో మూడు పాఠ్యభాగాలు చదివి 50 మార్కులకు జవాబులు రాయాలి. నిదానంగా, ఇష్టంగా చదివే అలవాటే అక్కడ ఆమెకు అడ్డమవుతోంది.

"స్కోరు వంద రాకపోతే నేను వెనకబడినట్టేనా నాన్నా?" అని మొన్న రాత్రి అడిగింది. వచ్చిన మార్కుల్ని ఒక కొలమానంలోకి మార్చినప్పుడు, ఆ వయసుకు ఆశించే స్థాయిని సూచించే అంకె వంద. ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలో సీటు మార్చి ఆరంభంలోనే ఖరారవుతుందనీ, ఈ ఫలితాలు జూలైలో గానీ రావనీ, వాటితో ప్రధానంగా కొలిచేది పాఠశాల పనితీరునేననీ బడిలో ఒక్కరైనా పిల్లలకు చెప్పి ఉండవలసింది. అది చెప్పకపోగా, చిత్రలేఖనం పీరియడ్లు తీసేసి అభ్యాసపత్రాలు చేయిస్తున్నారు. ఈస్టర్ సెలవులకని నిన్న ఇంకో పుస్తకం పంపారు. దాన్ని ఆమె సంచిలోంచి తీసి నా దగ్గరే ఉంచుకున్నాను.