ఓటు ఊళ్లో, బతుకు విశాఖలో

సాయంత్రం ఆర్కే బీచ్ గోడ మీద కూర్చున్న కుర్రకారు స్టీల్‌ప్లాంట్ దగ్గర మొదలుపెట్టి రైల్వే జోన్ దాకా వాదించుకుంటారు. పస ఉన్న వాదనలే. అయినా వార్డులో ఎవరూ పట్టించుకోరు. మద్దిలపాలెం, ఎంవీపీ కాలనీ హాస్టళ్లలో ఉండేవాళ్లలో చాలామందికి ఓటు శ్రీకాకుళంలోనో పార్వతీపురంలోనో ఉంది మరి.

1966లో ఉక్కు కర్మాగారం కోసం రోడ్డెక్కిన విద్యార్థుల్లో చాలామందికి అసలు ఓటే లేదు. అప్పట్లో ఓటు వయసు 21. అది 18కి దిగింది 1989లో. నవంబర్ 1న విశాఖలో కాల్పులు జరిగినా ఉద్యమం ఆగలేదు, 1970లో ఇందిరాగాంధీ కర్మాగారం ప్రకటించారు. వాళ్ల కోరిక ఒక్కటే, అడగాల్సింది ఢిల్లీని. ఇవాళ హాస్టల్ సందులో వెలగని దీపం, పూడిపోయిన కాలువ ఢిల్లీ తేల్చేవి కావు. అవి జీవీఎంసీ, అంటే విశాఖ నగరపాలక సంస్థ పనులు. 2021లో 98 వార్డులకు ఎన్నికలు జరిగిన ఆ కార్పొరేషన్ రాజకీయం గోడ మీది కబుర్లలో ఎప్పుడోగాని వినపడదు.

ఊళ్లోనే ఓటు ఉంచుకోవడం తప్పేమీ కాదు. విశాఖకు మార్చుకోదలిస్తే మాత్రం ఎక్కువమంది బోల్తా పడేది ఫారం దగ్గర. ఊళ్లో పేరుండగా ఇక్కడ కొత్త ఓటరులా ఫారం-6 పెడితే రెండుచోట్ల నమోదవుతుంది, తప్పుడు డిక్లరేషన్ కింద కేసు కూడా కావచ్చు. చిరునామా మార్పుకు ఫారం-8. ఫారం-6 తొలిసారి నమోదయ్యేవాళ్లకే, 17 నిండితే ముందుగానే పెట్టొచ్చు. 18 నిండాయో లేదో చూసే అర్హత తేదీలు ఏడాదికి నాలుగు: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ 1.

ఆ తర్వాతి చిక్కు చిరునామా రుజువు. కరెంటు బిల్లు ఓనరు పేరునే ఉంటుంది, రిజిస్టరైన అద్దె ఒప్పందం పీజీల్లో (పేయింగ్ గెస్ట్ గదుల్లో) ఎవరిస్తారు? కనీసం ఏడాది కోర్సు చదివే హాస్టల్ విద్యార్థులకు ప్రిన్సిపాల్ లేదా రిజిస్ట్రార్ సంతకంతో బోనఫైడ్ సర్టిఫికెట్ చాలు. ఉద్యోగం చేసుకుంటూ పీజీలో ఉండేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు, బీఎల్‌ఓ (పోలింగ్ బూత్ స్థాయి ఎన్నికల అధికారి) వచ్చి చూసి రాసుకోవాల్సిందే. ఆయన వచ్చేది పగలు, గదికి తాళం ఉండేదీ పగలే. ఫోన్ నంబరు సరిగా రాసి, వాచ్‌మన్‌కో ఓనరుకో చెప్పి ఉంచకపోతే దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది.

ఇంతా చేస్తే దక్కేది ఓటొక్కటే కాదు. కార్పొరేటర్‌గా నిలబడటానికి 21 ఏళ్లు చాలు, కానీ నగర ఓటర్ల జాబితాలో పేరుండాలి.